వేలం పలికే గొంతు: తొలిదశ స్వరపేటిక క్యాన్సర్‌కు బాహ్య రేడియేషన్ చికిత్స

రోగి వయసు 56. కర్నూలు మార్కెట్ యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఉల్లి కుప్ప చుట్టూ కొనుగోలుదారులు చేరినప్పుడు ధర పలికి, పెంచి, ఖాయం చేసేది ఆయనే. ఐదు నెలలుగా గొంతు బొంగురు. నొప్పి లేదు, మింగడానికి ఇబ్బంది లేదు, బరువు తగ్గలేదు. యౌవనం నుంచీ రోజుకు కట్ట బీడీలు. మందు పండగలకు పబ్బాలకు మాత్రమే. ఆయనకు చికిత్స చేసిన రేడియేషన్ వైద్యురాలిని నేను. గుర్తుపట్టడానికి వీలుండే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

గొంతుతో బతికేవాళ్లు గొంతు బొంగురుపోతే మొదట పనినే నిందిస్తారు. ఈయనా అంతే. సీజను కదా, అరిచి అరిచి పోయిందనుకున్నారు. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నారు, మిరియాల పాలు తాగారు. దగ్గర్లోని వైద్యుడు రెండు విడతలు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చి, చివరికి ఒక స్టిరాయిడ్ సూది వేశారు. ఆ సూదితో రెండు రోజులు గొంతు తేటపడింది. దాంతో నమ్మకం కుదిరి మరో నెల గడిచింది. గడ్డ చుట్టూ ఉన్న వాపును స్టిరాయిడ్ తగ్గిస్తుంది, గడ్డను ముట్టుకోదు. పొగతాగే మనిషికి మూడు వారాలు దాటి బొంగురు ఉంటే మందు రాయడానికి ముందు స్వరపేటికను కళ్లతో చూడాలి. చెవి, ముక్కు, గొంతు నిపుణుల దగ్గర ఐదు నిమిషాల్లో తేలే పని అది.

చూసినప్పుడు కనిపించినది ఇది. ఎడమ స్వరతంత్రి పొడవునా గరుకైన పెరుగుదల. ముందుభాగంలో రెండు తంత్రులూ కలిసే చోటును, అంటే యాంటీరియర్ కమిషర్‌ను (ఇకపై ముందు సంధి) దాటి కుడి తంత్రి మొదలును తాకింది. తంత్రికి పైనుండే చిన్న సందులోకి, అంటే స్వరపేటిక ఎడమ వెంట్రికిల్‌లోకి కొద్దిగా పాకింది. రెండు తంత్రులూ బాగానే కదులుతున్నాయి. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే లోపలి పొర కణాల్లో పుట్టే క్యాన్సర్, మధ్యరకం తీవ్రత. సీటీలో స్వరపేటికకు ముందు గోడలా ఉండే థైరాయిడ్ మృదులాస్థి చెక్కుచెదరలేదు, మెడలో వాచిన లింఫ్ గ్రంథులు లేవు. ఇన్నేళ్లు బీడీ తాగిన మనిషి కాబట్టి ఛాతీ సీటీ కూడా తీయించాం. ఊపిరితిత్తుల్లో రెండో క్యాన్సర్ ఏదీ లేదు. దశ టి2 ఎన్0 ఎం0: గడ్డ తంత్రి దాటి పక్కకు పాకింది, మెడ గ్రంథులకూ దూరపు అవయవాలకూ చేరలేదు.

స్వరతంత్రి క్యాన్సర్‌లో రోగికి అనుకూలించే విషయాలు రెండున్నాయి. గింజంత పెరిగినా గొంతు మారిపోతుంది కాబట్టి త్వరగా బయటపడుతుంది. అసలు స్వరతంత్రుల్లో లింఫ్ నాళాలు చాలా తక్కువ కాబట్టి మెడ గ్రంథులకు పాకడం అరుదు. అందుకే తొలిదశలో మెడ మొత్తానికీ రేడియేషన్ ఇవ్వనక్కర్లేదు, స్వరపేటిక ఒక్కదానికి ఇస్తే చాలు. కీమోథెరపీ కూడా అక్కర్లేదు.

లేజరా, రేడియేషనా

నోటి ద్వారా లేజర్‌తో గడ్డను కోసి తీయడం మరో మార్గం. ఒకే తంత్రి మధ్యలో చిన్న గడ్డ ఉంటే నేనే లేజర్‌కు పంపుతాను. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈయనకు పంపకపోవడానికి కారణం ఆ ముందు సంధి. అక్కడ మృదులాస్థికీ గడ్డకీ మధ్య దూరం బహు తక్కువ. అంచులు శుభ్రంగా వచ్చేలా కోస్తే రెండు తంత్రుల మొదళ్లూ పోతాయి, మానిన తర్వాత అవి ఒకదానికొకటి అతుక్కుని గొంతు పీలగా మిగులుతుంది. గొంతే జీవనాధారమైన మనిషికి ఆ బేరం నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

బాహ్య రేడియేషన్‌తో టి2 దశలో గడ్డ తిరిగి రాకుండా అదుపులో ఉండేది పదిమందిలో ఏడెనిమిది మందికి. మిగిలిన వాళ్లకు తర్వాత శస్త్రచికిత్స ఉంటుంది. అప్పటికి చాలామందికి స్వరపేటిక మొత్తాన్నీ తీయవలసి వస్తుంది. ఈ రెండో మాట దాచి మొదటిది మాత్రమే చెప్పే అలవాటు మా వృత్తిలో కొందరికి ఉంది. నేను రెండూ భార్య ఎదుటే చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "కరెంటు పెడితే లోపల కాలిపోదా అమ్మా?"

కాలదు. లీనియర్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లను కాంతివేగానికి దగ్గరగా తీసుకెళ్లి టంగ్‌స్టన్ పలక మీద కొడతారు. అక్కడ పుట్టిన ఎక్స్‌కిరణాలనే కావలసిన ఆకారానికి కత్తిరించి శరీరం మీదికి పంపుతాం. గ్రే అంటే ఒక కిలో కణజాలంలో ఒక జౌల్ శక్తి దిగడం. ఈయనకు ఇవ్వబోయే మొత్తం 65.25 గ్రేలను ఒకేసారి కుమ్మరించినా ఆ చోట వేడి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కూడా పెరగదు. దెబ్బ తగిలేది కణం లోపలి డీఎన్‌ఏకు. మామూలు కణాలు ఆ దెబ్బను చాలావరకు మర్నాటికి సరిచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంత బాగా సరిచేసుకోలేవు. రోజుకు కొంత చొప్పున వారాల తరబడి ఇవ్వడం అందుకే. ఈ పద్ధతి నిలదొక్కుకున్నది కూడా స్వరపేటిక క్యాన్సర్ మీదే: ప్యారిస్ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో క్లాడ్ రెగో దగ్గర పనిచేసిన ఆన్రీ కూటార్, ముదిరిన స్వరపేటిక క్యాన్సర్లు కూడా ఎక్స్‌కిరణాలతో నయమవుతాయని 1922లో చూపించాడు.

కుటుంబం హైదరాబాద్ వెళ్దామని ఆలోచించింది. బెంగళూరు పేరు కూడా వచ్చింది. నేను అడ్డు చెప్పలేదు, ఒక్కటే అన్నాను: ఈ జబ్బుకు అక్కడా ఇదే మోతాదు, ఇన్నే రోజులు. ఆరు వారాలు అద్దె గదిలో ఉండి ఒక్క రోజూ మానకుండా వెళ్లగలమనుకుంటే వెళ్లండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, ఇల్లు కర్నూలులోనే. ఉండిపోయారు.

మోతాదు, మాస్క్, బోలస్

రోజుకు 2.25 గ్రే, 29 రోజులు. మామూలుగా చాలా క్యాన్సర్లకు రోజుకు 2 గ్రే ఇస్తాం. స్వరతంత్రి విషయంలో ఆ కాస్త తేడా చాలా పనిచేస్తుంది. 2006లో జపాన్‌లోని ఒసాకా నుంచి వెలువడిన యాదృచ్ఛిక పరీక్షలో, గడ్డ తంత్రులు దాటని టి1 దశ రోగులకు రోజుకు 2 గ్రే ఇచ్చినప్పుడు ఐదేళ్ల స్థానిక అదుపు (గడ్డ అదే చోట తిరిగి రాకపోవడం) 77 శాతం, 2.25 ఇచ్చినప్పుడు 92 శాతం. దుష్ప్రభావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మోతాదు ఒక్కటే కాదు, మొత్తం చికిత్స కాలం కుదించుకుపోవడం కూడా ఈ తేడాకు కారణమై ఉండాలి. ఈ కాలం సంగతికి మళ్లీ వస్తాను.

ఎవరో బంధువు చెప్పాడట, రేడియేషన్‌కు ముందు పళ్లన్నీ పీకించాలని. దవడ ఎముక మీద కిరణాలు పడే నోటి క్యాన్సర్లలో పాడైన పళ్లను ముందే తీయించడం నిజమే. ఈయన ఫీల్డు, అంటే కిరణం పడే మేర, దవడ దాకా రాదు. పళ్ల డాక్టరు దగ్గరి నుంచి వెనక్కి పిలిపించాను.

సిమ్యులేషన్ రోజు, అంటే చికిత్సకు కొలతలు తీసుకునే రోజు, మెడ కొద్దిగా వెనక్కి వంచి, భుజాలు కిందికి లాగి పడుకోబెట్టాం. వేడినీళ్లలో మెత్తబడిన థర్మోప్లాస్టిక్ పలకను ముఖం మీదా మెడ మీదా సాగదీసి పరిస్తే, కొన్ని నిమిషాల్లో చల్లారి ఆ మనిషి ఆకారంలోనే గట్టిపడుతుంది. ఊపిరి ఆడటానికి అంతా జల్లెడలా రంధ్రాలుంటాయి. ఆ మాస్క్ కిందే సీటీ తీశాం.

ప్లాన్ విషయంలో నాకూ, మోతాదు లెక్కలు వేసే ఫిజిసిస్ట్‌కూ చర్చ జరిగింది. ఆయన వీమ్యాట్ చేద్దామన్నారు. అందులో కిరణం మెడ చుట్టూ తిరుగుతూ ఆకారం మార్చుకుంటుంది, రెండు వైపుల కరోటిడ్ ధమనులకూ మోతాదు తగ్గుతుంది. మంచి వాదనే. కరోటిడ్‌ల మీద రేడియేషన్ పడితే కొన్నేళ్ల తర్వాత పక్షవాతం వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. నలభై ఏళ్ల మనిషైతే ఒప్పుకునేదాన్ని. కానీ స్వరపేటిక కదిలే అవయవం. గుటక వేసిన ప్రతిసారీ దాదాపు రెండు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. లక్ష్యం చుట్టూ మోతాదును ఎంత బిగించి గీస్తే, ఒక్క గుటకకు జరిగే నష్టం అంత ఎక్కువ. ఎడమ వైపు నుంచి ఒకటి, కుడి వైపు నుంచి ఒకటి, ఎదురెదురుగా రెండు ఫీల్డులు ఎంచుకున్నాను. ఒక్కొక్కటి 6 సెంటీమీటర్ల చదరం, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. వెనక అంచు వెన్నుపూసల ముందే ఆగుతుంది కాబట్టి వెన్నుపాము ఫీల్డులోకే రాదు. మెడ ముందుకు వచ్చేకొద్దీ సన్నబడుతుంది, అక్కడ మోతాదు పెరిగిపోకుండా మందమైన అంచు ముందు వైపుకు ఉండేలా వెడ్జ్, అంటే కిరణాన్ని ఒక వైపు ఎక్కువగా అడ్డుకునే ఏటవాలు పలక, పెట్టాం.

ఎక్కువ ఆలోచించింది ముందు సంధి గురించే. 6 ఎంవీ (మెగావోల్టుల) ఎక్స్‌కిరణాలు చర్మం దగ్గర బలహీనంగా మొదలై, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులో పూర్తి బలం అందుకుంటాయి. చాలా క్యాన్సర్లలో ఇది వరం, చర్మం కాలదు. ఈయనది సన్నటి మెడ. సీటీలో కొలిస్తే ముందు సంధి చర్మానికి 9 మిల్లీమీటర్ల లోతులోనే ఉంది. గడ్డ ఉన్నదీ అక్కడే. అందరూ పాతబడిందని తీసిపారేసే కోబాల్ట్ యంత్రం ఈ ఒక్క చోట మెరుగు. దాని కిరణాలు అర సెంటీమీటరు లోతుకే పూర్తి బలానికి చేరతాయి. లీనియర్ యాక్సిలరేటర్ మీద ఆ లోటు తీర్చడానికి మాస్క్ మీద, మెడ ముందు భాగంలో, అర సెంటీమీటరు మందం గల బోలస్ పట్టీ అతికించాం. బోలస్ అంటే శరీర సాంద్రతే ఉన్న మెత్తని జెల్ పలక, కిరణానికి అది కూడా చర్మమే. దీనికి మూల్యం చర్మం చెల్లిస్తుందని ఆయనకు ముందే చెప్పాను.

ఆరు వారాలు

సోమవారం మొదలుపెట్టాం. ఏ రోజూ మానకపోతే 39వ రోజున, ఆరో వారం గురువారంతో ముగుస్తుంది.

యార్డుకు వెళ్లివచ్చే మనిషికి ఆసుపత్రి దగ్గర కావడం సౌకర్యమే, ప్రమాదం కూడా. పొద్దున్నే ఇక్కడ పడుకుని లేచి, అటునుంచి అటే వేలానికి వెళ్లిపోవచ్చు. అందుకని వేలం జరిగే వేళకే ఆయన టైము పెట్టించాను. టెక్నాలజిస్ట్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. రెండో వారంలో ఆయనే కనిపెట్టి నవ్వారు.

మొదటి రోజుల్లో ఆయన ఫిర్యాదు, ఏమీ జరగడం లేదని. బల్ల మీద పడుకోబెట్టి, మాస్క్ బిగించి, యంత్రంలోనే చిన్న సీటీ తీసి స్థానం సరిచూసుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. కిరణం వెలువడేది ఒక్కో వైపు నుంచి నిమిషం లోపే. కిరణానికి రంగు లేదు, వాసన లేదు, నొప్పి లేదు. మైకులో "ఇప్పుడు గుటక వేయకండి" అన్న మాటొక్కటే చికిత్స జరుగుతోందనడానికి గుర్తు.

రెండో వారం మధ్యలో చొక్కా దగ్గర బీడీ వాసన వచ్చింది. రోజుకు నాలుగుకు తగ్గించానని గర్వంగా చెప్పారు. కిరణం డీఎన్‌ఏలో చేసిన గాయాన్ని శాశ్వతం చేసేది ఆక్సిజన్. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. 1993లో కెనడా వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకుంటూ పొగతాగుతూనే ఉన్నవారిలో గడ్డ పూర్తిగా కరిగింది 45 శాతం మందికి, మానేసినవారిలో 74 శాతం మందికి. ఆ అంకెలు కాగితం మీద రాసి ఇచ్చాను. అంకెలతో బతికే మనిషి కదా, ఉపదేశం కన్నా అది బాగా పట్టింది. నికోటిన్ గమ్ రాశాను. నాలుగు బీడీలు ఒకటయ్యాయి, తర్వాత అదీ పోయింది. కనీసం ఆ ఆరు వారాలకు.

మూడో వారంలో గొంతు పూర్తిగా పోయింది. ఇది జరుగుతుందని మొదటే చెప్పినా ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. లోపలి పొర ఎర్రబడి, వాచి, తంత్రులు సరిగా మూసుకోవు. ఆయన చీటీ రాసి నా ముందు పెట్టారు: "వచ్చినప్పుడు సగం గొంతు ఉంది. ఇప్పుడు అదీ లేదు." ఎండోస్కోపీ తెర తిప్పి చూపించాను; వాపు ఉంది, గడ్డ మాత్రం అప్పటికే సగానికి పైగా కరిగింది. గుసగుసగా మాట్లాడటం మెల్లగా మాట్లాడటం కన్నా చెడ్డది, తంత్రులు మరింత బిగుసుకుంటాయి. పూర్తి మౌనం లేదా మామూలు మెల్లని స్వరం, రెండే దారులు. ఊపిరి తీసేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తే రాత్రయినా సరే అత్యవసర విభాగానికి రమ్మని భార్యకు చెప్పాను. ఆ అవసరం రాలేదు.

తిండి గురించి ఇక్కడ ఎవరికైనా చెప్పడం కష్టం. ఉగ్గాని ఒప్పుకున్నాను, పక్కన మిరపకాయ బజ్జీ మానేయమన్నాను. రాగి జావ, మజ్జిగ అన్నం, పప్పు, గుడ్డు. బరువు రెండు కిలోలు తగ్గింది, మాస్క్ వదులు కాలేదు. చర్మం నాలుగో వారానికి నల్లబడి, బోలస్ పట్టీ ఉన్న చోట పొట్టు రేగింది. అక్కడ విబూది, పసుపు, టాల్కమ్ పౌడర్, గడ్డం బ్లేడు ఏవీ తగలనివ్వలేదు. ఎండలో వెళ్తే కాలర్ లేని నూలు చొక్కా, మీద పల్చటి నూలు పంచె.

పోయిన రోజులు

నాలుగో వారం బుధవారం యంత్రం ఆగిపోయింది. భాగం బయటినుంచి రావాలి. గురువారం కూడా పోయింది. వరండాలో కూర్చున్న రోగులంతా ఇది సెలవు లాంటిదే అనుకున్నారు, చివర్లో రెండు రోజులు కలిపితే సరిపోతుందనుకున్నారు. మొత్తం గ్రేలు అవే కదా అని ఒక జూనియర్ కూడా అడిగాడు.

సరిపోదు. చికిత్స మొదలైన సుమారు నాలుగు వారాలకు, బతికి మిగిలిన స్క్వామస్ కణాలు ముందుకన్నా వేగంగా విభజన చెందడం మొదలుపెడతాయి. 1988లో రేడియేషన్ పరిశోధకుడు విదర్స్, ఆయన సహచరులు చూపించినది ఇదే: ఆ దశ తర్వాత చికిత్స సాగిన ప్రతి రోజుకూ, అదే ఫలితం కోసం రోజుకు దాదాపు 0.6 గ్రే అదనంగా కావాలి. స్వరపేటికలో ఒక్క రోజు ఆలస్యానికి స్థానిక అదుపు ఒక శాతం లేదా కొంచెం పైన తగ్గుతుందని అంచనా. అందుకే బ్రిటన్ రేడియాలజిస్టుల రాయల్ కాలేజీ ఇలాంటి రోగులను మొదటి శ్రేణిలో పెట్టి, చికిత్స అనుకున్న తేదీ దాటి రెండు రోజుల కన్నా ఎక్కువ సాగకూడదంటుంది. మొదటి వారంలో పోయిన రోజూ నాలుగో వారంలో పోయిన రోజూ లెక్కలో ఒకటే, ఎందుకంటే రెండూ ముగింపు తేదీనే వెనక్కి నెడతాయి.

శుక్రవారం యంత్రం బాగయ్యాక, తల, మెడ, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ల రోగులను వేరు చేసి ఆ శనివారం, తర్వాతి శనివారం చికిత్స ఇచ్చాం. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స తర్వాత ఇస్తున్నవారికీ, ఎముక నొప్పికి ఇస్తున్నవారికీ ఆ తొందర లేదు. వాళ్లను మామూలు రోజుల్లోనే ఉంచాం. అందరికీ సమానంగా చేయాలని అడిగినవాళ్లున్నారు. జబ్బులు సమానంగా లేవు. టెక్నాలజిస్టులు రెండు శనివారాలు మామూలు డ్యూటీ చేశారు. ఈ చికిత్సలో ఎవరి పేరూ రాయని భాగం అదే.

ఆ లెక్కతో 39వ రోజుకే ముగియాలి. ఐదో వారం గురువారం ఆయన రాలేదు. ధర లేచింది, లారీలు వచ్చాయి, మాట్లాడలేని మనిషి వేళ్లతో ధర చూపిస్తూ యార్డులో నిలబడ్డారు. సాయంత్రం భార్య ఫోను చేసి చెప్పింది, ఏడ్చింది కూడా. శుక్రవారం ఒకే రోజు రెండుసార్లు ఇచ్చి సరిచేయమని ఫిజిసిస్ట్ సూచించారు. కనీసం ఆరు గంటల ఎడంతో అలా ఇవ్వడం పద్ధతే. కానీ ఒక్కో మోతాదు 2.25 గ్రే. ఒక్కో మోతాదు 2 గ్రేను మించేకొద్దీ, ఆ కొద్ది గంటల ఎడంలో మామూలు కణజాలం పూర్తిగా కోలుకోదు. ఆలస్యంగా మృదులాస్థికి హాని జరగవచ్చు. మృదులాస్థి దెబ్బతింటే గడ్డ నయమైనా స్వరపేటిక మిగలదు. ఒక్క రోజు పొడిగింపు ఒప్పుకున్నాను. 40వ రోజున, శుక్రవారం, 29వది ఇచ్చాం.

తర్వాత

మొదటి నాలుగు వారాలు కేవలం ఓపిక. చర్మం రెండు వారాల్లో మానింది. ఎనిమిదో వారంలో స్వరం తిరిగి రావడం మొదలైంది. పన్నెండో వారం ఎండోస్కోపీలో గడ్డ ఆనవాలు లేదు, తంత్రుల వెనక చివర్లు అతుక్కుని ఉండే చిన్న మృదులాస్థుల (ఎరిటినాయిడ్‌ల) దగ్గర వాపు మాత్రం మిగిలింది. ఆ వాపును అనుమానించి ముక్క తీయించమని మరో డాక్టరు సలహా ఇచ్చారట. రేడియేషన్ పడిన మృదులాస్థి దగ్గర అవసరం లేకుండా బయాప్సీ చేస్తే గాయం మానకపోవచ్చు. తంత్రి కదలిక తగ్గితే, వాపు పెరుగుతుంటే, నొప్పి వస్తే అప్పుడు తప్పదు. ఈయనకు ఆ మూడూ లేవు. నెలనెలా చూస్తూ వచ్చాం, ఆరో నెలకు వాపు చాలావరకు తగ్గింది.

ఇప్పుడు పదహారో నెల. తంత్రులు రెండూ కదులుతున్నాయి, గడ్డ లేదు. తిరగబెట్టే వాటిలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే కనిపిస్తాయి కాబట్టి నయమైందన్న మాట ఇంకా రాయలేదు. మాట గదిలో అందరికీ స్పష్టంగా వినిపిస్తుంది, కొంచెం గరుకు. గొంతెత్తి పలికితే మధ్యలో తెగిపోతుంది. వేలం ఇప్పుడు ఆయన మేనల్లుడు పలుకుతున్నాడు. ఈయన పక్కన కూర్చుని పట్టీ రాస్తున్నారు, జీతం కొంత తగ్గింది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువగా ఉంది, అంటే ఆ గ్రంథి కాస్త మందగించింది. థైరాయిడ్ గ్రంథి పైభాగం ఫీల్డు అంచున పడుతుంది. ఇంకా మాత్ర మొదలుపెట్టలేదు, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాం. బీడీ గురించి అడిగితే ఆయన కిటికీ వైపు చూశారు, భార్య "పండక్కి రెండు" అంది. వచ్చే ఎండోస్కోపీని రెండు నెలలకు బదులు ఆరు వారాలకే రాశాను.